తోటలో తెల్లగీత

తలకు నూనె పెట్టుకునేటప్పుడు నేను ఎప్పుడూ గోడవైపు తిరిగి కూర్చుంటాను. ఇంట్లో ఎవరూ లేకపోయినా అంతే. తలుపు గడియ పెట్టి, కిటికీకి పాత దుప్పటి అడ్డం వేసి, నూనె చేతిలో పోసుకొని, అప్పుడు కొంగు తీస్తాను. వేళ్లు పక్కల నుంచి వెంట్రుకల్లో పోతూ పోతూ నడినెత్తికి వచ్చేసరికి వట్టి చర్మం తగులుతుంది. నున్నగా, అరచేతి వెడల్పున, ఒక్క వెంట్రుక లేకుండా. రోజూ తగిలేదే అయినా రోజూ అక్కడ చెయ్యి ఆగుతుంది, నిన్నటికంటే పెద్దదైందేమో అని. తర్వాత ముందు వెంట్రుకలు నాలుగు పాయలు వెనక్కి దువ్వి, దానిమీద కప్పి, రెండు పిన్నులు గుచ్చి, పైన కొంగు వేసుకుంటాను. ఊర్లో నాకు మంచి పేరుంది. నరసింహప్ప పెండ్లాం తలమీద కొంగు జారనీయదు, ఎంత మర్యాదస్తురాలో అని.

అది రోగం కాదు. బిందె చేసిన చోటు. మా ఇల్లు ఊర్లో లేదు, ఊరికి అవతల మా చీనీతోటలోనే, బత్తాయి చెట్ల నడుమ ఉంది. బోరు తోటకు ఆ చివర, ఇల్లు ఈ చివర. పెళ్లయి వచ్చిన మూడోరోజు మా అత్త లక్ష్మీదేవమ్మ పాత చీరముక్కను గుండ్రంగా చుట్టి, ఆ చుట్టకుదురు నా తలమీద పెట్టి, దానిమీద నిండు బిందె పెట్టింది. ఇరవై మూడేళ్లయింది. ఎనుములకు, వంటకు, స్నానాలకు, బట్టలకు పొద్దున ఎనిమిది బిందెలు, సాయంత్రం ఆరు. గడ్డిమోపులు వేరే. వెంట్రుకలు ఎప్పుడు రాలిపోయాయో నేను చూడలేదు. చుట్టకుదురు విప్పి దులిపినప్పుడల్లా నాలుగు వెంట్రుకలు ఉండేవి, అంతే.

"కొంగు తీయొద్దు పాపా" అని మా అత్త రోజుకొకసారైనా అనేది. పెద్దల ముందు మర్యాద కోసమనే అనుకున్నాను. ఆమె పోయినప్పుడు, ఆఖరి స్నానం చేయించడానికి ఆడవాళ్లం చుట్టూ చీరలు అడ్డం పట్టుకొని కూర్చున్నాం. తలమీద నీళ్లు పోసింది నేను. నడినెత్తిన, అరచేతి వెడల్పున, నున్నగా. అక్కడున్న ఆడవాళ్లంతా చూశారు, చూసి చూడనట్టు ముఖం తిప్పుకున్నారు. వాళ్లలో ముగ్గురు ఊరికే తమ కొంగులు సర్దుకున్నారు. అప్పటికి నాకు మొదలైంది. ఆ రోజు నుంచే గోడవైపు తిరిగి కూర్చోవడం.

మా ఆయనకు తెలియదు. మా పాప చౌడేశ్వరికీ తెలియదు. ఒకే ఇంట్లో ఇరవై ఒక్క ఏండ్లు పెరిగిన బిడ్డకు తల్లి నెత్తి ఎట్లా ఉంటుందో తెలియకుండా దాచడం ఎంత పనో నాకు తెలుసు. ఇంకో పని కూడా చేశాను. ఆమె తలమీద ఒక్కరోజు బిందె పెట్టనీయలేదు. "నీ బిడ్డేమన్నా కలెక్టరా?" అని మా ఆయన చాలాసార్లు అన్నాడు. "నేనుండాను కదా" అనేదాన్ని నేను. సోమరిదాన్ని చేస్తున్నావని మా ఆడబిడ్డ తిమ్మమ్మ వదిన తిట్టింది. పడ్డాను.

చౌడి డిగ్రీ అయ్యాక తాడిపత్రిలో ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే పనిలో చేరింది. స్టూడియో వాళ్లు కొత్త డ్రోన్ తెచ్చుకొని, మూల పడేసిన పాత చిన్నదాన్ని ఈమెకిచ్చారు. ఒక శనివారం సాయంత్రం చిన్న సంచిలో పెట్టుకొని వచ్చి మంచం మీద పెట్టింది. నాలుగు చేతులు, చేతికొక రెక్క, ముందువైపు ఒక కన్ను. మడిస్తే అరచేతిలో పట్టేంతే ఉంది. చౌడి ముఖం వెలిగిపోతోంది. నాకు మాత్రం ఆ సంచి జిప్పు తీసేలోపలే అంతా కనపడిపోయింది. అది పోయి కరెంటు తీగల మీద పడినట్టు, ట్రాన్స్‌ఫార్మర్ పేలినట్టు, ఎవరి పిల్లోడిదో కన్ను పోయినట్టు, పోలీసులు వచ్చి చౌడిని జీపెక్కించినట్టు, సంబంధం చూడటానికి వచ్చే వాళ్లు ఆ జీపును చూసి దోవలోనే వెనక్కి తిరిగినట్టు. నా మనసు అంతే. చెడు ఎక్కడ జరగబోతుందో ముందే అక్కడికి పోయి చాప పరుచుకొని కూర్చుంటుంది.

"పోలీసోళ్లు రారా మే?" అన్నాను.

"ఇంత చిన్నదానికి, సరదాకి ఎగరేసుకుంటే పైలెట్ లైసెన్సు వద్దంట మా. మ్యాపులో మన తోట పచ్చగా ఉండాది సూడు. ఎర్రగా ఉండే చోటికి పోగూడదు, అంతే."

"ఎవరి నెత్తినన్నా పడితే?"

"జనాల మీద ఎగరేయగూడదు."

"గాలికి కొట్టుకొని బళ్లారి పక్కకు పోతే?"

"గాలుంటే ఎగరేయం."

"గద్ద తన్నుకపోతే?"

చౌడి నవ్వేసింది. "అమ్మా, నువ్వడిగేటివన్నీ దీంతో వచ్చిన పుస్తకంలో ఉండాయి. నీ మాదిరి భయపడేటోళ్లెవరో కూర్చోని రాసినట్టుండారు."

మా ఆయన వచ్చి దాన్ని వేలితో పొడిచి చూశాడు. "ఏందిది, పెద్ద ఈగ మాదిరి! ఆడపిల్లకి దీంతో ఏం పని? ఇది ఎగరేసే పొద్దుకి రెండు బిందెల నీళ్లు తెస్తే మీ అమ్మకన్నా సాయమైతాది" అన్నాడు. బిందె మాట వచ్చేసరికి నేనే అడ్డం పడ్డాను. "ఎగరేసుకోనీ లే" అన్నాను. భయంతోనే అన్నాను. ఒక భయానికి ఇంకో భయం అడ్డం పెట్టడం నాకు అలవాటే.

మొదటి ఆదివారం పొద్దున్నే, గాలి లేవకముందే, చెనిక్కాయలు ఆరబోసే కళ్లంలో దాన్ని పెట్టాం. మిద్దె మీద నుంచి ఎగరేద్దామన్నాను, కింద ఎవరికీ తగలదని. మిద్దెలో కమ్మీలుంటాయి, ఇనుము పక్కనుంటే దీనికి దిక్కులు తెలియవని చౌడి చెప్పింది. రెక్కలు విప్పింది, పగుళ్లున్నాయేమో గోటితో తడిమింది, రిమోటుకు ఫోన్ బిగించింది. వెంటనే ఎగరనీయలేదు. ఆకాశంలో ఉపగ్రహాలు దీనికి కావలసినన్ని దొరకాలట. అవి దొరికాక, లేచిన చోటు ఏదో గుర్తు పెట్టుకుంటుందట. రిమోటు మీద ఇంటి బొమ్మ ఉన్న మీట ఒకటుంది. అది నొక్కితే ఎంత దూరంలో ఉన్నా తిరిగి అక్కడికే వచ్చి దిగుతుందట.

"నేను ఫోన్ చూస్తాంటా మా. నువ్వు ఆకాశం చూడాల. తీగలు, గద్దలు, గాలి. పక్కనొకరు చూస్తాండాల, లేకుంటే ఎగరేయగూడదు. భయపడేది నీకు బాగొచ్చు కదా!" అంది.

ఎగతాళికే అంది. కానీ నా భయానికి ఒక పని దొరకడం నా జన్మలో అదే మొదలు. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడ్డాను. "ఆ పక్క తీగ, ఆ పక్క తీగ" అని అరిచాను. "గద్ద!" అని అరిస్తే చౌడి నిజంగానే దాన్ని కిందికి దించింది. తర్వాత చూస్తే అది కాకి.

రెండో ఆదివారం రిమోటు నా చేతికిచ్చింది. వద్దంటే వద్దన్నాను. నేను ఎనిమిదో తరగతి చదివిన మనిషిని, ఫోన్‌లో ఆ ఇంగ్లీషు మాటలు నాకేం తెలుసు? పగలగొడితే? "నువ్వు పగలగొట్టవు మా. భయం లేనోళ్లే పగలగొట్టేది" అంది. రిమోటు మీది ఎడమ పుల్ల మెల్లగా ముందుకు తోస్తే పైకి లేచింది. నా తలంత ఎత్తు దాకా పోనిచ్చి ఆపమంది. ఆపాను. "ఇప్పుడు రెండు పుల్లలూ వదిలెయ్." వదిలితే పడిపోతుందనుకొని గట్టిగా పట్టుకున్నాను. ఆమే నా వేళ్లు ఒక్కొక్కటి విడదీసింది. అది పడలేదు. గాలిలో అక్కడే, కొంచెం ఊగుతూ నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు. ఇంట్లో నేను చేతులు వదిలేస్తే నిలబడేది ఒక్కటీ లేదు. కుండలో అన్నం మాడుతుంది, ఎనుము అరుస్తుంది, తొట్టి ఎండుతుంది. ఇదొక్కటే నేను వదిలేసినా నిలబడింది.

ఆ తర్వాత నాలుగు వారాల్లో ఎత్తడం, దించడం, తోట చుట్టూ తిప్పడం, ముందున్న కన్నును కిందికి వంచడం నేర్చుకున్నాను. బ్యాటరీ మూడో వంతుకు రాకముందే దించేసేదాన్ని. చౌడి నన్ను 'పిరికి పైలెట్టూ' అని పిలిచేది. ఆ పిలుపు నాకు బాగుండేది.

తాడిపత్రిలో తిమ్మమ్మ వదిన వాళ్లు కొత్త ఇల్లు కట్టారు. ఇంట్లో చేరే దినం దగ్గర పడేసరికి మా ఆయనకు డ్రోన్ మీద బుద్ధి పుట్టింది. "తోటంతా ఒక్కతూరి వీడియోలో పడుతుందా? డ్రిప్పు పైపులన్నీ కనపడాల. అక్కోళ్ల కొత్త టీవీలో వేసి చూపిస్తాం" అన్నాడు. నాలుగేండ్ల కిందట వేయించిన ఆ డ్రిప్పంటే ఆయనకు ప్రాణం. అప్పుడు పైపులు పరుస్తుంటే నేను మజ్జిగ పట్టుకొని పోయి, "ఇంటికి కూడా ఒక పైపు వేయించరాదా" అని అడిగాను. "చెట్లకు కాళ్లు ల్యావు కదే. నీకుండాయి" అన్నాడు. పైపులు పరిచేవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి, మజ్జిగ పోశాను.

తోట వీడియో తీసిన పొద్దున నేను నీళ్లు మోసే పనిలో ఉన్నాను. "నువ్వు నీ పని చూసుకో మా, ఈ పొద్దు ఆకు కూడా కదల్లేదు, నేనొక్కదాన్నే తీస్తా" అంది చౌడి. పక్కన ఒకరు ఉండాలన్న నియమం ఆరోజే తప్పింది. నేనైనా జాగ్రత్త పడవలసింది. తలపైన జుయ్యిమని చప్పుడు వినపడుతూనే ఉంది. అంత ఎత్తు నుంచి మనిషి చీమంత కనపడుతుంది, చీమ నెత్తి ఎవరికి కనపడుతుంది అనుకున్నాను. అది దిగుతూ దిగుతూ తీస్తుందని నాకు తోచలేదు. బయలుదేరే తొందరలో మా ఆయన వీడియోను తన ఫోన్‌లోకి వేయించుకున్నాడు. ఆఖరిదాకా చౌడి కూడా చూసుకోలేదు.

వదిన ఇంట్లో నేల అంతా పాలిష్ బండలు. ముఖం కనపడేటట్టు మెరుస్తున్నాయి. వడ్డించి, ఎంగిలాకులు తీసి, ఆ బండలు తుడిచి, అందరికీ కాఫీలు తీసుకొని వస్తుంటే టీవీలో మా తోట కనపడింది. పాతికమంది కూర్చొని చూస్తున్నారు. నేను వంటింటి గడప దగ్గరే పళ్లెం పట్టుకొని నిలబడిపోయాను.

నిజంగా బాగుంది. ఎర్రమన్ను మీద పచ్చటి చెట్లు వరసలు వరసలుగా, వాటి మధ్య గీసినట్టు నల్లటి పైపులు. "అదో బోరు. ఒక్కో చెట్టుకీ ఒక్కో పైపు. ఒక్క చుక్క వృథా పోదు" అని మా ఆయన లేచి నిలబడి వేలితో చూపిస్తున్నాడు.

"అంతా బాగుండాది గానీ, ఆ తెల్లగీత ఏందిరా నరసింహా?" అంది తిమ్మమ్మ వదిన. "బోరు కాడ నుంచి మీ ఇంటి దాకా, వంకర టింకరగా?"

అప్పుడు నేనూ చూశాను. నల్లగీతలన్నీ తీర్చినట్టు తిన్నగా ఉన్నాయి. వాటికి అడ్డంపడి, చెట్ల సందుల్లో వంగి, రాళ్లు తప్పించుకొని, ఒకే ఒక్క తెల్లగీత. తోట ఆ చివర నుంచి ఈ చివరకు. సుద్దముక్కతో గీసినట్టు.

మా ఆయన తల గోక్కున్నాడు. "గొర్రెల దోవేమో అక్కా."

"పైపు పూడ్చిన గుర్తు అయ్యుంటాది మామా" అన్నాడు వదిన కొడుకు ఓబిలేష్, బండల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.

"ఇంటికి పైపు యాడిదిరా! పాత గట్టు ఏదన్నా ఉన్నిందేమో."

ఆయన ఎప్పుడూ బైకు మీద బయటి దోవన తిరిగి బోరు దగ్గరికి పోతాడు. ఆ గీత మీద ఆయన కాలు పడిందో లేదో నాకు గుర్తులేదు. చెప్పాలని నోరు తెరిచాను. చేతిలో పళ్లెం ఉంది. పాతికమంది ఉన్నారు. ఏమని చెప్పాలి? అది నా కాళ్లు వేసిందని పెద్ద ఘనకార్యం మాదిరి చెప్పుకోవాలా? మూసుకున్నాను.

అంతలో టీవీలో ఆ గీత మీద పసుపుపచ్చ చుక్క ఒకటి కదిలింది. పెద్దదయింది. ప్లాస్టిక్ బిందె అయింది. కింద ఆడమనిషి. "గంగే కదా అది!" అన్నారు ఎవరో. నేను తొట్టి దగ్గరికి వచ్చాను. బిందె దించాను. దాంతోపాటు చుట్టకుదురు జారింది, కొంగు జారింది, పిన్ను ఊడి నాలుగు పాయలూ పక్కకు పడ్డాయి. చెమట తుడుచుకోవడానికి తల వంచాను. కెమెరా సరిగ్గా నెత్తి మీదికి దిగింది. ఎండ దానిమీదే పడింది. గోడంత టీవీలో పళ్లెమంత నా నడినెత్తి, నూనెకు మెరుస్తూ.

కూర్చున్నవాళ్లు మెడలు ముందుకు సాచారు.

"ఏమే, నెత్తిన చీనీకాయ పెట్టుకొని తిరగతాండావా!" అన్నాడు మా ఆయన.

ఇల్లంతా నవ్వింది. "పేనుకొరుకుడది" అంది ఒకామె. "అయ్యో గంగా, ఇన్ని దినాలూ దాచిపెట్టినావా! చెప్పింటే ఏదన్నా పసరు పూసేదాన్ని కదే" అంది వదిన. "పిల్లకు కూడా వస్తాదేమో సూడండప్పా, సంబంధాలు చూస్తాండారు" అంది ఇంకొకామె, నవ్వకుండా. ఓబిలేష్ వీడియో వెనక్కి జరిపి మళ్లీ చూపించాడు.

నేనూ నవ్వాను. ఇది రాయడానికే నాకు చెయ్యి రావడం లేదు. "ఎండకు అట్ల మెరిసింది లే వదినా" అని, నవ్వి, కాఫీలు ఇచ్చాను. మెరిసే బండల మీద వంగి వంగి ఇస్తున్నప్పుడు కొంగు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. చౌడి మాత్రం నవ్వలేదు. ఆ మూల నిలబడి నా వైపే చూస్తోంది. ఆ చూపుకు నాకు భూమిలోకి పోవాలనిపించింది.

మా ఆయన బైకు మీద వెళ్లిపోయాడు. మేమిద్దరం బస్సులో వచ్చాం. బండల లారీ వెనక లారీ, కిటికీలోంచి తెల్లటి దుమ్ము. చౌడి రెండుసార్లు "అమ్మా" అంది. నేను కొంగు ఇంకా ముందుకు లాక్కున్నాను. ఇంట్లోకి వచ్చి తలుపు వేశాక ఏడుస్తూ నోటికొచ్చినదంతా అన్నాను.

"నీ తల్లి నెత్తి ఊరంతటికీ చూపించినావు కదే! ఎవరన్నా పిల్లను చేసుకునేటోళ్లు వస్తారా ఇంక? తీసుకపోయి ఆ ఎండిన బావిలో పారెయ్ దాన్ని. ఇంకొక్కసారి అది ఎగిరిందా, నేనే రాయెత్తి కొడతా!"

చౌడి సంచి జిప్పు వేసి మంచం కిందికి తోసింది. తర్వాత నా వెనక్కి వచ్చి కూర్చుంది. "ఎప్పుడైంది మా అది?" అంది చిన్నగా.

"నీకెందుకు?"

"నొప్పి పుడుతుందా?"

"నిన్ను బిందె ముట్టనీలేదు, ఎందుకనుకున్యావు?" అనేశాను. చెప్పాలని కాదు, జారిపోయింది.

తర్వాత నా నడినెత్తి మీద ఒక చెయ్యి పడింది. నాది కాని చెయ్యి అక్కడ పడటం అదే మొదలు. సిగ్గుతో ఒళ్లంతా మండింది. తోసేయబోయాను, కానీ చెయ్యి లేవలేదు.

"అయితే ఆ తెల్లగీత..." అంది.

"నాదే. అంతకుముందు మీ జేజిది, మా అత్తది."

"నాయనకు తెలీదా మా?"

ఎంత మామూలుగా అడిగింది! నాయనకు తెలీదా. ఇరవై మూడేండ్లు. ఆ గీత చివర నీళ్లతోనే ఆయన రోజూ ముఖం కడుక్కుంటాడు. నెత్తి పాతికమంది చూశారని అప్పటిదాకా ఏడ్చిన దాన్ని, ఆ మాటతో ఏడుపు ఆగిపోయి ఇంకో సిగ్గు పట్టుకుంది. వాళ్లు గొర్రెల దోవ అంటుంటే నోరు తెరిచి మూసుకున్న సిగ్గు. చీనీకాయ అంటే నవ్విన సిగ్గు. చెట్లకు కాళ్లు లేవన్నప్పుడు మజ్జిగ పోసిన సిగ్గు. మా అత్త తలమీద నీళ్లు పోస్తూ చూసి, కొంగు సర్దుకున్న ఆ ముగ్గురితో పాటు నేనూ సర్దుకున్నానే, ఆ సిగ్గు. ఎక్కడ ఏం చెడు జరుగుతుందో అని ఇన్నేళ్లు ముందుకు చూసి భయపడ్డాను. జరిగేది నా నెత్తి మీదే జరుగుతుంటే పైకి చూడలేదు.

మరునాడు పొద్దున మా ఆయన బైకు తీస్తూ, "చౌడీ, మీ అమ్మ ముక్క కోసేసి, తోట వరకు బంధువుల గ్రూపులో పెట్టు. ఓబిలేష్ అడగతాండాడు" అన్నాడు. నా వైపు తిరిగి, "నీళ్లు పెట్టు, మండీకి పోయొచ్చి స్నానం చేస్తా" అన్నాడు. నిన్నటి సంగతి ఆయనకు గుర్తున్నట్టు కూడా లేదు.

ఆయన పోయాక నేను మంచం కింద నుంచి సంచి లాగాను.

చౌడి భయపడింది, బావిలో వేస్తానేమోనని. "నేను ఎగరేస్తా. నువ్వు ఆకాశం చూడు" అన్నాను.

బోరు దగ్గర పసుపుపచ్చ బిందె నింపుకొని, చుట్టకుదురు పెట్టి, ఎత్తుకొని నడిచాను. ఎన్నిసార్లు నడిచిన దోవో, ఆ రోజే కిందికి చూసి నడిచాను. నా అడుగులు పడే చోట గడ్డి పరక లేదు. మన్ను కూడా లేదు, అరిగిపోయి కింది సుద్ద తేలింది. సగం దోవలో ఆగి బిందె దించాను. డ్రోన్‌ను పక్కనే చదునుగా ఉన్న చోట పెట్టి, రెక్కలు గోటితో తడిమి, ఉపగ్రహాల కోసం కాచుకున్నాను. తర్వాత కొంగు తీశాను. పిన్నులు తీసి చౌడి చేతికిచ్చాను. ఎవరో చూస్తారేమో అని చుట్టూ చూశాను. చూడాలనే కదా ఇదంతా చేస్తున్నది అని గుర్తొచ్చింది, అయినా చూశాను.

"గాలి లేదు మా. గద్దల్లేవు" అంది చౌడి, చెట్టు పక్కకు తప్పుకొని, మెడ పైకెత్తి.

వీడియో తీసే ఎర్ర మీట నొక్కాను. కన్నును తిన్నగా కిందికి వంచాను. మెల్లగా ఎత్తి, నా తలపైకి జరిపి, ఇంకా పైకి పోనిచ్చాను. ఫోన్‌లో ముందు నా నడినెత్తి. అంత దగ్గరగా నేనే ఎప్పుడూ చూసుకోలేదు. దాని పక్కన బిందె గుండ్రటి నోరు. రెండూ ఇంచుమించు ఒకే వెడల్పు. తర్వాత రెండూ చిన్నవయ్యాయి. చెట్లు వచ్చాయి, ఒక్కో చెట్టుకు ఒక్కో నల్లగీత వచ్చింది. ఆఖరున తెల్లగీత మొత్తం, బోరు నుంచి ఇంటిదాకా, నడుమ నేనూ బిందే రెండు చుక్కలు. అక్కడ పుల్లలు వదిలేశాను. అది నిలబడింది. నేనూ నిలబడ్డాను, తల ఎత్తకుండా, ఎండ నెత్తిమీద పడుతుంటే. అక్కడ ఎండ అంత చురుక్కుమంటుందని నాకు తెలియనే తెలియదు.

ఇంటి బొమ్మ ఉన్న మీట నొక్కితే వచ్చి లేచిన చోటే దిగింది.

"కోసేదా?" అంది చౌడి.

"ఏమీ కోయొద్దు. మొదటి నుంచి ఆఖరిదాకా పెట్టు. గ్రూపులోనే పెట్టు."

"అత్తోళ్లు అందరూ చూస్తారు మా."

"చూడనీ."

సిగ్గు పోయిందని కాదు. ముఖం మండుతూనే ఉంది. వదిన ఏమంటుందో, సంబంధాల వాళ్లు ఏమంటారో, ఆయన చెయ్యెత్తుతాడేమో అని మనసు అప్పటికే అన్ని చోట్లా చాపలు పరిచేసింది. పరుచుకోనీ అని ఇంటికి నడిచాను. బిందె ఎత్తుకోలేదు. ఉత్త తలతో ఆ దోవన నడవడం ఎంత తేలికో, మెడ ఎటు పట్టాలో తెలియక రెండుసార్లు తడబడ్డాను.

నూనె గిన్నె తెచ్చుకొని వసారాలో, వాకిలివైపు ముఖం పెట్టి కూర్చున్నాను. సగం తలకు నూనె పెట్టేసరికి బైకు వచ్చి ఆగింది. ఆయన నేరుగా తొట్టి దగ్గరికి పోయాడు. అందులో నీళ్లు లేవు.

"నీళ్లు యాడే?" అని కేకేశాడు. ఇటు తిరిగి, కొంగు లేని నా తల చూసి, గొంతు తగ్గించాడు. "ఏంది ఈ వేషం? కప్పుకో. ఎవరన్నా వస్తే? బిందె యాడ?"

జేబులో ఆయన ఫోన్ మోగింది, మళ్లీ మోగింది. గ్రూపులో వాళ్లు చూస్తున్నట్టున్నారు.

"దోవలో ఉండాది" అన్నాను.

"ఏ దోవలో?"

నా చెయ్యి నడినెత్తికి వచ్చింది. ఈసారి ఆగలేదు.

"నిన్న మీ అక్క అడిగె కదా, ఏందిరా ఆ తెల్లగీత అని. సరిగ్గా దాని నడిమధ్యన పెట్టినా. గొర్రెలు తొక్కకముందే పోయి తెచ్చుకో."